చుక్కల టపా

అరకు లోయ,
కార్తీక మాసం.

ప్రియమైన పాఠక మిత్రులకు,

ఇక్కడ వానలు వెనక్కి తగ్గాయి. వలిసె చేలు పసుపుపచ్చగా విరబూశాయి. కాఫీ తోటల్లో పళ్లు ఎర్రబడి కోతలు మొదలయ్యాయి. తెల్లవారుజామున మంచు లోయంతా కమ్మేస్తున్నా, రాత్రి పొద్దుపోయేదాకా ఆకాశం తేటగానే ఉంటోంది. అందుకేనేమో, ఈసారి మీ ఉత్తరాల్లో చుక్కల కబుర్లే ఎక్కువ.

వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టుకుని ఈ జవాబు రాస్తున్నాను. డుంబ్రిగుడ వైపు నుంచి ఇంటర్ చదువుతున్న అమ్మాయి ఇలా అడిగింది: "పుస్తకంలో గెలీలియో, హెర్షెల్, కెప్లర్ అని అన్నీ పైదేశాల పేర్లే. మన వైపు వాళ్లెవరూ టెలిస్కోపు పట్టలేదాండీ?" చోడవరం నుంచి ఒక పెద్దాయన ఇలా రాశారు: "మొన్న రాత్రి భోజనాలయ్యాక పెద్ద చుక్క రాలింది. వీధి వీధంతా పట్టపగలైపోయింది. అదేమై ఉంటుందంటారు?"

అమ్మాయికి జవాబు సులువు. పట్టారమ్మా, మన విశాఖపట్నంలోనే పట్టారు. చూసింది చూసినట్టు రాసి లండన్‌కు ఉత్తరాలు కూడా పంపారు. పెద్దాయనకు మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోతున్నాను. ఎందుకో ఆ విశాఖ పెద్దమనిషి ఉత్తరాలు ఎలా ఉండేవో తెలిస్తే ఆయనకే బోధపడుతుంది.

కథ గోడే వెంకట జగ్గారావు గారితో మొదలవుతుంది. 1817లో పుట్టిన జమీందారీ కుటుంబీకుడు. చిన్న వయసులోనే మద్రాసు వెళ్లి, అక్కడి వేధశాల అధిపతి థామస్ గ్లాన్‌విల్ టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకున్నారు. టేలర్ అంటే పదకొండు వేల నక్షత్రాల స్థానాలు కొలిచి పట్టిక వేసిన మనిషి. అలాంటి గురువు దగ్గర చదువుకుని వచ్చిన జగ్గారావు గారు 1840 ప్రాంతంలో విశాఖలో, ఇవాళ మనం డాబా గార్డెన్స్ అంటున్న చోట, సొంత ఖర్చుతో వేధశాల కట్టించుకున్నారు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా స్తంభం నిలబెట్టించింది కూడా ఆయనే.

1856లో జగ్గారావు గారు పోయాక వేధశాల ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారి చేతికి వచ్చింది. నరసింగరావు గారు 1827లో పుట్టారు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం. పగలు దస్తావేజులు, రాత్రి చుక్కలు. ఆ రోజుల్లో మన వాళ్లకు అందే ఉద్యోగాల్లో డిప్యూటీ కలెక్టరీ అంటే చిన్న మాట కాదు. అలాంటి కొలువును 1871లో వదిలేసి పూర్తిగా వేధశాలకు అంకితమైపోయారు. ఆ ఏడే లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని తన సభ్యుడిగా ఎన్నుకుంది. మరుసటి ఏడు రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. 1868 సూర్యగ్రహణం, 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం, బుధుడు దాటడం, తోకచుక్కలు, ఇలా కంటపడినవన్నీ విశాఖ నుంచి ఉత్తరాలుగా బయల్దేరి, ఆస్ట్రనామికల్ సొసైటీ నెలనెలా వేసే పత్రికలో అచ్చయ్యేవి.

నెలనెలా పత్రిక అంటే పెద్ద పెద్ద సిద్ధాంతాలు ఉంటాయనుకుంటాం. చాలా మటుకు ఉండేవి ఉత్తరాలే. సొసైటీ కార్యదర్శికి ఎక్కడెక్కడి నుంచో జాబులు వచ్చేవి. వాటిని సభలో చదివేవారు, బాగున్నవి అచ్చు వేసేవారు. సిడ్నీ నుంచి ఒకరు, కేప్‌టౌన్ నుంచి ఒకరు, మద్రాసు నుంచి ఒకరు, విశాఖపట్నం నుంచి ఒకరు. ఇంటర్నెట్టు మాట అటుంచండి, సూయజ్ కాలువ కూడా 1869 చివరి దాకా తెరవలేదు. మన తీరం నుంచి సీమకు పోయే టపా ఓడలో సూయజ్ చేరి, అక్కడ రైలెక్కి అలెగ్జాండ్రియా వెళ్లి, మళ్లీ ఓడెక్కేది. చేరడానికి నెల దాటేది. ఉత్తరంలో ఏదైనా తెలియకపోతే "కాస్త వివరంగా చెప్పండి" అని అడిగి జవాబు తెప్పించుకునేసరికి మూడు నెలలు పట్టేది. కాబట్టి అడగాల్సిన అవసరం రాకుండా రాయడం నేర్చుకున్నారు వాళ్లు.

అలాంటి ఉత్తరంలో ఏముండాలి? ఎక్కడ నిలబడి చూశారు, అంటే అక్షాంశం, రేఖాంశం. ఏ పరికరంతో చూశారు, దాని అద్దం ఎంత వెడల్పు, ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపింది. గాలి నిలకడగా ఉందా, బింబం అంచు వణికిందా. మబ్బులు ఎంత. ఫలానా ఘటన ఏ గంట, ఏ నిమిషం, ఏ సెకను. ఆ గడియారం అప్పటికి ఎంత ముందుంది, ఎంత వెనకుంది. చివరగా, ఏది స్పష్టంగా కనబడింది, ఏది అనుమానం. కవిత్వం లేదు, ఆశ్చర్యార్థకాలు లేవు. చూసినవాడు పోయినా ఉత్తరం సాక్ష్యం చెప్పాలి, అంతే.

వీటన్నిటిలోకీ కష్టమైంది గడియారం సంగతి. అది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆ వేధశాల ప్రాణం అక్కడే ఉంది. ఫోను తీసి టైము చూసుకునే మనకు "సరైన టైము" ఎక్కడి నుంచి వస్తుందన్న ఆలోచనే రాదు. ఆ రోజుల్లో ఏ ఊరి టైము ఆ ఊరిదే. సరైన టైము కావాలంటే ఆకాశంలోంచి దింపుకోవాలి. అందుకు ఉత్తర దక్షిణాలుగా తప్ప ఎటూ తిరగని టెలిస్కోపును దృఢమైన స్తంభాల మధ్య బిగిస్తారు. అందులో సన్నని దారాలు నిలువుగా కట్టి ఉంటాయి. స్థానం ముందే కచ్చితంగా తెలిసిన నక్షత్రం ఒక్కో దారాన్నీ దాటుతుంటే, చూసేవాడు లోలకం గడియారం టిక్కులు చెవితో లెక్కపెడుతూ ఆ క్షణాన్ని రాసుకుంటాడు. ఆ నక్షత్రం నడిగీత దాటాల్సిన సమయం నావిక పంచాంగంలో అచ్చయి ఉంటుంది. పంచాంగం చెప్పినదానికీ గడియారం చూపినదానికీ తేడా ఎంతో, అదే గడియారం తప్పు. గడియారాన్ని ముట్టుకోరు. తప్పును మాత్రం చీటీ మీద రాసిపెట్టుకుని లెక్కల్లో సవరిస్తారు. మరుసటి రాత్రి మళ్లీ అదే పని.

విశాఖకు మద్రాసుకు రేఖాంశంలో తేడా మూడు డిగ్రీల పైచిలుకు. నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున, మద్రాసులో కన్నా విశాఖలో మధ్యాహ్నం పన్నెండు నిమిషాలు ముందే అవుతుంది. ఈ లెక్క సముద్రం మీద వాళ్లకు ప్రాణావసరం. అప్పటికి విశాఖలో ఇప్పుడున్నట్టు రేవు లేదు, ఓడలు దూరంగా నీళ్లలోనే లంగరు వేసుకునేవి. కెప్టెను గడియారం ఒక్క నిమిషం తప్పితే ఈ అక్షాంశం దగ్గర ఓడ తానున్న చోటును ఇరవై ఆరు కిలోమీటర్లు అటో ఇటో తప్పుగా లెక్కగట్టుకుంటుంది. సరైన సమయం తెలిసిన ఇల్లు ఒకటి ఒడ్డున ఉందంటే ఆ విలువ ఎంతో ఊహించండి.

ఇక్కడ మన అరకు వాళ్లు సంబరపడాల్సిన విషయం ఒకటుంది. ఇప్పుడు దేశమంతా నడిచే టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది. 1906 నుంచి అమల్లోకి వచ్చింది. అరకు ఉన్నది సుమారు 82.9 దగ్గర. అంటే మన లోయ సొంత సమయానికీ మీ చేతి గడియారానికీ తేడా నిమిషంన్నర మాత్రమే. గుజరాత్ వాళ్లకు గంట దాకా తేడా ఉంటుంది, అస్సాం వాళ్లకు అటువైపు అంతే. దేశం మొత్తం దాదాపు మన కొండల టైముతోనే నడుస్తోందని పిల్లలకు ధైర్యంగా చెప్పవచ్చు.

ఇక 1868కి వద్దాం. ఆ ఏడాది ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ దారి బీజాపూర్ వైపు నుంచి గుంటూరు, మచిలీపట్నం మీదుగా బంగాళాఖాతంలోకి దిగింది. గుంటూరులో సూర్యుడు ఆరు నిమిషాలకు కాస్త తక్కువ సేపు పూర్తిగా మరుగయ్యాడు. అంతసేపు దొరకడం అరుదు కాబట్టి దేశదేశాల నుంచి పరిశీలకులు మన కోస్తాకు దిగారు. ఫ్రాన్స్ నుంచి జూల్స్ జాన్సెన్ వచ్చి గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంటి డాబా మీద పరికరాలు పెట్టుకున్నాడు. బ్రిటిష్ వాళ్ల తరఫున మేజర్ టెన్నంట్ కూడా గుంటూరులోనే దిగాడు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి గారు వనపర్తి వెళ్లారు. విశాఖ నీడ దారికి బయట ఉండటంతో అక్కడ సూర్యుడు పూర్తిగా మునగలేదు. అయినా నరసింగరావు గారు చూసి రాసి పంపారు. మన ఊళ్లో పూర్తిగా కనబడదని చూడకుండా ఊరుకోలేదు, గమనించారా?

గ్రహణం వేళ సూర్యుడి అంచున ఎర్రటి జ్వాలలు కనబడతాయి. అవి ఏమిటో అప్పటిదాకా తెలియదు. జాన్సెన్ వాటి వెలుగును, రంగులుగా విడగొట్టి చూపే వర్ణపటదర్శినిలోంచి చూస్తే విడివిడిగా మెరిసే గీతలు కనబడ్డాయి. అంటే అవి వేడెక్కి వెలిగే వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. అంతటితో ఆగితే ఆయన పేరు పదిమందిలో ఒకటిగా ఉండేది. ఆ గీతలు ఎంత గట్టిగా మెరిశాయంటే, గ్రహణం లేనప్పుడు కూడా వీటిని పట్టుకోవచ్చు కదా అని ఆయనకు తట్టింది. మరునాడు పొద్దున్నే, నిండు సూర్యుడు ఉండగానే, పరికరాన్ని బింబం అంచుకు గురిపెట్టాడు. దొరికాయి. సెప్టెంబరు మొదటి వారం దాకా గుంటూరులోనే ఉండి రోజూ చూశాడు. మనిషి సూర్యజ్వాలల కోసం గ్రహణాలకు కాచుకోవాల్సిన అవసరం గుంటూరులోనే తీరిపోయింది.

ఆ తర్వాత ఆయన కాకినాడ చేరి, సెప్టెంబరు 19 తేదీ వేసి పారిస్ సైన్స్ అకాడమీకి ఉత్తరం రాశాడు. అది పారిస్ చేరడానికి నెల దాటింది. ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ అనే ఆయన, మన దేశం మొహం చూడకుండానే, గ్రహణం లేకుండానే, అక్టోబరు 20న సొంతంగా అదే పద్ధతి కనిపెట్టాడు. ఆయన ఉత్తరం కూడా పారిస్ అకాడమీకే వెళ్లింది. 1868 అక్టోబరు 26న ఒకే సభలో రెండు ఉత్తరాలూ చదివారు. ఎవరు ముందన్న పంచాయితీ పెట్టుకోకుండా ఘనత ఇద్దరికీ సమానమన్నారు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద వేయించింది. కాకినాడ నుంచి వెళ్లిన టపా ఇంకో వారం ఆలస్యమై ఉంటే ఆ సభ ఎలా నడిచేదో!

ఇక్కడ ఒక సవరణ కూడా చేస్తాను. హీలియంను గుంటూరులో కనిపెట్టారని మనం గొప్పగా చెప్పుకుంటాం. జాన్సెన్ పంపిన ఆ ఉత్తరంలో కొత్త మూలకం ఊసే లేదు, ఉన్నది చూసే పద్ధతి. సూర్యజ్వాలల్లోని పసుపు గీత సోడియం గీత చోట పడటం లేదని తేల్చి, దాని వెనక తెలియని మూలకం ఉందన్న ఆలోచన దాకా వెళ్లింది లాక్యర్. భూమి మీద ఆ వాయువు విలియం రామ్సే చేతికి చిక్కింది 1895లో. మన గడ్డ మీద మొదలైన దారి అని చెప్పుకోవచ్చు, తప్పులేదు. ఆ పసుపు గీతను మచిలీపట్నంలో పోగ్సన్ కూడా చూశాడు. కానీ ఆయన నివేదిక మద్రాసు ప్రభుత్వ కాగితాల్లో అచ్చయి కొద్దిమందికే చేరింది. గ్రీనిచ్ వేధశాల పెద్ద జార్జ్ ఎయిరీతో ఆయనకు సఖ్యత అంతంతమాత్రం. చూపు ఉంది, పరికరం ఉంది, చేరాల్సిన చోటికి చేరే ఉత్తరం లేదు. హీలియం కథలో పోగ్సన్ పేరు మీరెప్పుడూ వినకపోవడానికి అదొక కారణం.

అయితే ఒక్కడి ఉత్తరం ఎంత బాగున్నా అది ఒక్కడి చూపే. పక్కన ఇంకొకటి పెడితేనే దాని బలం తెలుస్తుంది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుడిని దాటినప్పుడు ప్రపంచమంతా చూసింది ఇందుకే. విశాఖలో పొద్దున ఏడు దాటాక మొదలై ఇంచుమించు మధ్యాహ్నం దాకా సాగింది. భూమి మీద వేర్వేరు చోట్ల నుంచి చూస్తే శుక్రుడు బింబాన్ని దాటే దారి, పట్టే సమయం కొద్దికొద్దిగా మారతాయి. ఆ తేడాల నుంచి సూర్యుడి దూరం లెక్కగట్టవచ్చు. ఒక్క ఊరి నుంచి వచ్చిన అంకె ఎందుకూ పనికిరాదు, వంద ఊళ్ల అంకెలు కలిస్తేనే దూరం. తీరా చూస్తే శుక్రుడి నల్లచుక్క అంచును తాకేచోట సాగినట్టు కనబడి, తాకిన క్షణం ఇదని తేల్చడం కష్టమైంది. ఒకే ఊళ్లో పక్కపక్కన కూర్చున్నవాళ్లకే సెకన్లు తేడా వచ్చాయి. అనుకున్నంత కచ్చితత్వం దొరకలేదు. ఎవరికి ఎంత అనుమానమో నిజాయితీగా రాయబట్టే ఆ సంగతి కూడా తేలింది.

ఇంకో చిక్కు చూడండి. మన ఉదయం డిసెంబరు 9 అయితే లండన్ పత్రికలో ఆ ఘటన తేదీ డిసెంబరు 8 అని ఉంటుంది. అచ్చుతప్పు కాదు. ఖగోళ శాస్త్రజ్ఞులకు అప్పట్లో రోజు మధ్యాహ్నం మొదలయ్యేది, రాత్రి పనంతా ఒకే తేదీ కింద ఉండాలని. 1925లో గానీ అర్ధరాత్రికి మారలేదు. పంచాంగం ప్రకారం మనకు రోజు సూర్యోదయంతో మొదలు. ఇన్ని రకాల రోజులున్న లోకంలో "మొన్న రాత్రి" అని రాస్తే ఏ రాత్రి అని పట్టుకోవాలి? చోడవరం పెద్దాయనా, కోపగించుకోకండి. మీ చుక్క గురించి నేను చెప్పలేకపోవడానికి ఇదే కారణం. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు, ఎంత సేపు, చప్పుడు వచ్చిందా లేదా, ఇవి ఉంటే అనకాపల్లిలోనో మాడుగులలోనో ఇంకెవరో చూసినదానితో జోడించి అది ఎంత ఎత్తున మండిందో చెప్పవచ్చు.

రాలే చుక్కల మీద మామూలు జనం రాసిన ఉత్తరాలే శాస్త్రమైన సందర్భం ఒకటుంది. 1833 నవంబరు 13 తెల్లవారుజామున అమెరికాలో చుక్కలు వానలా కురిశాయి. లోకం అంతమైపోతోందని జనం వణికిపోయారు. యేల్ కళాశాలలో పాఠాలు చెప్పే డెనిసన్ ఓంస్టెడ్ ఆ పొద్దునే పత్రికలో తాను చూసింది రాసి, చూసినవాళ్లందరూ తమకు కనబడింది రాయమని అడిగాడు. రైతులు, నావికులు, పోస్టుమాస్టర్లు రాశారు. ఆ ఉత్తరాలన్నీ పరిచి చూస్తే, ఎక్కడి నుంచి చూసినవాళ్లకైనా చుక్కలన్నీ సింహరాశిలో ఒకే బిందువు నుంచి చిమ్మినట్టు తేలింది. రాలే చుక్కలు గాలిలో పుట్టే మంటలు కావని, భూమికి బయటి నుంచి బారులుగా వచ్చే రేణువులని నమ్మకం కలగడానికి అది పెద్ద ఆధారమైంది.

ఆ బారులకూ తోకచుక్కలకూ సంబంధం ఉందని తర్వాత తెలిసింది. ఆ కథలో మన మద్రాసుకు తంతి ఒకటి వచ్చింది. బీలా అనే తోకచుక్క 1846లో రెండు ముక్కలైంది, 1852 తర్వాత జాడ లేదు. 1872 నవంబరు 27 రాత్రి అది ఉండాల్సిన దారిని భూమి దాటుతుండగా యూరప్ అంతటా ఉల్కలు కురిశాయి. తోకచుక్క భూమిని రాసుకుంటూ పోయి ఉంటే ఇప్పుడు దక్షిణాకాశంలో ఉండాలని గోటింగెన్‌లో ఉన్న క్లింకర్‌ఫ్యూస్‌కు అనిపించింది. అక్కడి నుంచి దక్షిణాకాశం కనబడదు. వెంటనే మద్రాసులో ఉన్న పోగ్సన్‌కు తంతి కొట్టాడు, ఫలానా నక్షత్రం దగ్గర వెతకమని. మబ్బులు విడిచిన సందు చూసుకుని డిసెంబరు 2న, 3న పోగ్సన్ వెతికాడు. తోకచుక్క నిజంగానే దొరికింది! మళ్లీ మబ్బు కమ్మేసింది. అది బీలా కాదని తర్వాతి లెక్కలు చెప్పాయి. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. రెండు రాత్రుల కొలతలు సరిగ్గా రాసి ఉంచబట్టే ఆ సంగతైనా చెప్పగలిగారు.

ఇంతకీ ఇందులో మన కొండల వంతు ఏమిటని డుంబ్రిగుడ అమ్మాయి మళ్లీ అడుగుతుందని నాకు తెలుసు. దేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన మహా సర్వే మన వైపు వచ్చినప్పుడు 1862లో విశాఖ దగ్గర నేల మీద ఆధారరేఖ కొలిచారు. దాని మీద కట్టిన త్రిభుజాలకు కొనలు తూర్పు కనుమల శిఖరాలు. ఒక కొండ మీద దీపం పెడితే ఇంకో కొండ మీంచి కోణం కొలిచేవారు. తామున్న చోటు సరిచూసుకోవడానికి నక్షత్రాలు చూసేవారు. ఆ పనిలో ఉన్న బసేవీ అనే ఇంజనీరు జయపురం అడవుల్లోకి కూడా వచ్చాడు. మన్యం జ్వరం ఆ దళాలను వదల్లేదు. దొరల నివేదికల్లో కోణాలు సెకన్లతో సహా ఉంటాయి. బరువైన పరికరాలను కొండ నెత్తికి మోసినవాళ్ల పేర్లు, రాత్రంతా దీపం ఆరకుండా కాచినవాళ్ల పేర్లు వెతికినా కనబడటం కష్టం. కొండ తెలిసినవాళ్లు లేకుండా ఆ కొండ ఎక్కడం వాళ్ల వల్ల అయ్యేదా? ఆ కొండవాళ్ల చేతికి కలం రాలేదు. ఇప్పుడు వచ్చింది. ఈ ఉత్తరం రాయడానికి నాకున్న అసలు కారణం అదే.

నరసింగరావు గారు 1892లో కన్నుమూశారు. ఆయన భార్య అచ్చయ్యమ్మ గారు వేధశాలను నిలబెట్టి, 1894లో నిర్వహణకు నిధితో సహా ప్రభుత్వానికి అప్పగించారు. కొడుకు కూడా ఆకాశానికి ఫొటోలు తీశారు. ఇవాళ విశాఖలో ఆ డాబా గార్డెన్స్ నడిబొడ్డున నిలబడి తలెత్తితే వీధిదీపాల వెలుగులో లెక్కపెట్టగలిగినన్ని చుక్కలే మిగిలాయి. చీకటి ఆకాశం ఇప్పుడు మన దగ్గరుంది. నరసింగరావు గారికి ఉన్న ఆరంగుళాల టెలిస్కోపు మనకు లేకపోవచ్చు. ఆయనకు రాత్రిరాత్రికీ కష్టపడితే గానీ దొరకని కచ్చితమైన సమయం మాత్రం మీ జేబులో ఉన్న ఫోనులో ఊరికే దొరుకుతోంది.

కాబట్టి ఒక పని పెట్టుకుందాం. ఏటా డిసెంబరు 13, 14 తేదీల మధ్య రాత్రి మిథునరాశి నుంచి ఉల్కలు రాలతాయి. పునర్వసు జంట చుక్కల దగ్గర నుంచి చిమ్మినట్టు ఉంటాయి. వాటి మూలం 1983లో కనుగొన్న ఫేథాన్ అనే గ్రహశకలం. వెన్నెల లేని మంచి చీకట్లో గంటకు వంద దాకా కనబడవచ్చు. రాత్రి తొమ్మిదికి తూర్పున గొల్లకావడి పైకి వచ్చి ఉంటుంది, దానికి కాస్త ఎడమగా, కిందికి చూస్తే పునర్వసు. రెండు గంటల వేళకు నడినెత్తికి వస్తుంది. మబ్బూ మంచూ రాకముందే చూడటం మంచిది. దుప్పటి కప్పుకుని, నెగడుకు వీపు పెట్టి, ఫోను జేబులో పెట్టేసి ఇరవై నిమిషాలు చీకటికి కళ్లు అలవాటు కానివ్వండి. తర్వాత ఒక గంట లెక్కపెట్టండి. పెరట్లోనో డాబా మీదో చాలు, కొండలెక్కొద్దు.

ఉత్తరంలో ఈ సంగతులు రాయండి. ఊరు, మండలం. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, రెండు తేదీల మధ్య రాత్రి అని స్పష్టంగా. ఆకాశంలో ఎంత భాగం మబ్బు. ఎంతమంది కూర్చున్నారు, ఒక్కొక్కరి లెక్క విడివిడిగా. మిథునం నుంచి వచ్చినవెన్ని, ఎటో పోయినవెన్ని. అనుమానంగా కనబడితే "అనుమానం" అనే రాయండి. కునుకు పట్టి పది నిమిషాలు పోతే అదీ చెప్పండి, ఎవరూ నవ్వరు. మంచు కమ్మి ఒక్కటీ కనబడకపోయినా ఉత్తరం వేయండి. పాడేరులో మంచు, అనంతగిరిలో తేట అని తెలియడమూ ఒక కబురే. మిథునం అనకుండా మీ ఇంట్లో, మీ భాషలో ఆ చుక్కలను ఏమంటారో ఆ పేరే రాయండి. మీ అవ్వతో చెప్పించుకుని రాస్తే ఇంకా సంతోషం.

అన్నీ వచ్చాక సంక్రాంతి తర్వాతి ఉత్తరంలో ఊరివారీగా పట్టిక వేస్తాను. లెక్కపెట్టిన ప్రతివాళ్ల పేరూ, వాళ్లు ఒప్పుకుంటే, అందులో ఉంటుంది. చోడవరం పెద్దాయన ఉత్తరం కోసం మరీ ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ ఉత్తరాలవారు

తా.క. దూరంగా ఉన్న తేదీ ఒకటి ఇప్పుడే గోడ మీద రాసిపెట్టుకోండి. 2032 నవంబరు 13న బుధుడు సూర్యబింబాన్ని దాటుతాడు. మనకు మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలై సాయంత్రం నాలుగున్నర దాకా కనబడుతుంది. బుధుడు మరీ చిన్నచుక్క, వట్టి కంటికి ఆనడు. టెలిస్కోపులోంచి సూర్యుడిని నేరుగా చూస్తే కన్ను పోతుంది. తెల్లకాగితం మీద బింబాన్ని పడేలా చేసి చూడాలి. డుంబ్రిగుడ అమ్మాయికి అప్పటికి చదువు అయిపోయి ఉంటుంది. విశాఖ నుంచి నరసింగరావు గారు బుధుడి గురించి రాసినట్టే, అరకు నుంచి ఆమె రాసే ఉత్తరం మొదట మనకే రావాలి.